కన్సోల్‌లో డ్రైవ్ మారిస్తే ఏం మారుతుంది?

సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 4, అంటే పీఎస్4, అట్టపెట్టె మీద 500 జీబీ అని రాసి ఉంటుంది. టీవీకి తగిలించి సెట్టింగ్స్‌లో చూస్తే ఆటలకు దక్కేది 408 జీబీ. ఇందులో మోసం ఏమీ లేదు. డిస్క్ తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కగడతారు, కన్సోల్ 1,024 చొప్పున లెక్కగడుతుంది. ఆ తేడాలోనే 500 కాస్తా 465 అవుతుంది. మిగతా కోత సిస్టమ్ సాఫ్ట్‌వేర్ తన అవసరాలకు పెట్టుకున్నది. 2013 నవంబరులో అమెరికాలో, 2014 జనవరిలో మన దేశంలో ఈ కన్సోల్ విడుదలైనప్పుడు ఆ చోటు బాగానే సరిపోతుందనిపించింది. కానీ పీఎస్4లో ఆటను డిస్క్ మీద కొన్నా సరే, అది మొత్తం హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కితే తప్ప నడవదు. బ్లూరే డిస్క్ ఉన్నది ఆటను ఇంటికి చేర్చడానికి, ఆ ఆట కొన్నదేనని కన్సోల్‌కు చూపించడానికి. 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 రెండు బ్లూరే డిస్కుల్లో వచ్చింది, ఎక్కించాక వంద జీబీ దాకా తీసుకుంది. అలాంటివి నాలుగు ఎక్కిస్తే ఐదోదానికి చోటు ఉండదు.

అప్‌డేట్లు ఈ ఇరుకును ఇంకా పెంచాయి. పీఎస్4 ఒక ఆటకు ప్యాచ్ దించుకున్నాక, పాత ఫైళ్లతో దాన్ని కలిపి కొత్త కాపీ తయారుచేసుకుంటుంది. డౌన్‌లోడ్ అయిపోయినా తెర మీద ‘కాపీయింగ్’ అని చాలాసేపు కనిపించేది ఆ పనే. అందుకే రెండు జీబీల ప్యాచ్ కోసం కన్సోల్ యాభై జీబీల ఖాళీ అడుగుతుంది. చిన్న అప్‌డేట్ కోసం ఇష్టమైన ఆటను తీసేయాల్సి వచ్చినప్పుడే చాలామందికి డ్రైవ్ మార్చాలన్న ఆలోచన వస్తుంది.

ఆ ఆలోచనలో రెండు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉంటాయి. ఒకటి చోటు, రెండోది వేగం. చోటు ఏ డ్రైవ్ వేసినా పెరుగుతుంది. వేగం అలా కాదు. అది కొన్న డ్రైవ్ మీద కన్నా, ఆ కన్సోల్‌నూ దాని ఆటలనూ ఎలాంటి డ్రైవ్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ తేడా తెలియక ఖరీదైన ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్‌లలోనే డేటా దాచే డ్రైవ్) వేసి, అనుకున్నంత మార్పు కనిపించక నిరుత్సాహపడేవాళ్లు ఎక్కువ. చిన్న ఖర్చుతో తీరే అవసరానికి పెద్ద ఖర్చు పెట్టేవాళ్లూ తక్కువేం కాదు.

హార్డ్‌డిస్క్ లెక్కన రాసిన ఆటలు

పీఎస్4లో ఉండేది ల్యాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల హార్డ్‌డిస్కే. లోపల పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది. దాని మీద హెడ్ ముందుకూ వెనక్కూ కదులుతూ డేటా చదువుతుంది. పళ్లెం ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన డేటా హెడ్ కిందికి వచ్చేదాకా ఆగక తప్పదు. పెద్ద ఫైలు ఒకేచోట వరుసగా ఉంటే ఈ డిస్క్ పనితీరు ఫర్వాలేదు. ఆటలో డేటా అలా ఉండదు. ఒక కొత్త వీధిలోకి అడుగుపెడితే గోడల బొమ్మలు ఒకచోట, కార్ల నమూనాలు ఇంకోచోట, శబ్దాలు మరోచోట ఉంటాయి. కిరాణా కొట్టులో ఒక్క కుర్రాడే చీటీ చూసుకుంటూ పప్పుకు ఒక మూలకు, నూనెకు ఇంకో మూలకు పరుగెత్తినట్టు ఉంటుంది హెడ్ పని. సరుకు తూచడం కన్నా నడకకే ఎక్కువ సమయం పోతుంది.

పీఎస్4, పీఎస్5ల రూపకల్పనకు నాయకత్వం వహించిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో పీఎస్5 గురించి ఇచ్చిన సాంకేతిక ప్రసంగంలో ఈ లెక్కలన్నీ విప్పి చెప్పారు. హార్డ్‌డిస్క్ సెకనుకు 50 నుంచి 100 ఎంబీ చదవగలదు, హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరడానికి 2 నుంచి 50 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. మొత్తం మీద పీఎస్4లో ఒక జీబీ డేటా మెమరీలోకి రావడానికి సుమారు 20 సెకన్లు పట్టేది. ఆట రాసేవాళ్లు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. పదేపదే కావలసిన వస్తువులను డిస్క్ మీద ఒక్కచోట కాకుండా, అవసరమయ్యే ప్రతి ప్రాంతం డేటాతో పాటూ మళ్లీ మళ్లీ రాసి పెట్టారు. హెడ్ పరుగు తప్పించడానికన్నమాట. మార్వెల్స్ స్పైడర్‌మ్యాన్ ఆటలో కొన్ని వస్తువులు ఇలా 400 సార్లు డిస్క్ మీద ఉన్నాయని సెర్నీ చెప్పారు. న్యూయార్క్ వీధుల్లో ప్రతిచోటా కనిపించే మామూలు వస్తువులే అవి.

అంటే హార్డ్‌డిస్క్ నెమ్మది వల్ల కలిగే నష్టం లోడింగ్ తెర దగ్గరే ఆగలేదు. ఆటల పరిమాణం పెరగడానికీ అది ఒక కారణం. చోటు చాలకపోవడం, వేగం చాలకపోవడం రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఒక ప్రాంతానికీ ఇంకోదానికీ మధ్య వంకర టింకర దారులు పెట్టడం, ఆటగాణ్ని లిఫ్ట్‌లో నిలబెట్టడం లాంటివి కూడా చాలా ఆటల్లో డేటా వచ్చేదాకా సమయం గడపడానికి వేసిన ఎత్తులే.

ఇప్పుడు అదే పీఎస్4లో హార్డ్‌డిస్క్ తీసి సాటా (డ్రైవ్‌ను మిగతా యంత్రానికి కలిపే ఒక దారి) రకం ఎస్‌ఎస్‌డీ వేస్తే హెడ్ పరుగు పూర్తిగా పోతుంది. లోడింగ్ తగ్గుతుంది. ఆటను బట్టి మూడో వంతు, కొన్నిటిలో సగం దాకా. కానీ నిమిషం పట్టేది ఐదు సెకన్లకు దిగదు. డ్రైవ్ నుంచి వచ్చిన డేటా కుదించి ఉంటుంది, దాన్ని విప్పాలి, మెమరీలో దాని చోట దాన్ని అమర్చాలి, ఆట ప్రపంచాన్ని నిలబెట్టాలి. ఆ పనంతా పీఎస్4 ప్రాసెసర్ చేయాలి. అది ఎనిమిది కోర్లున్నా 1.6 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే, తక్కువ విద్యుత్తు తినేలా తయారుచేసిన చిప్. డ్రైవ్ ఎంత త్వరగా అందించినా అందుకునే చేయి నెమ్మదిగానే ఉంటుంది. దీనికి తోడు మొదటి పీఎస్4లోనూ, తర్వాత వచ్చిన సన్నని మోడల్ స్లిమ్‌లోనూ సాటా దారి సెకనుకు 3 గిగాబిట్ల రకం. 2016లో వచ్చిన పీఎస్4 ప్రోలో మాత్రమే అది 6 గిగాబిట్లు అయింది. కాబట్టి సెకనుకు 550 ఎంబీ చదువుతుందని రాసిన ఎస్‌ఎస్‌డీ మామూలు పీఎస్4లో తన పూర్తి వేగం చూపించే అవకాశమే లేదు. ఇక తెర మీద బొమ్మ సాఫీగా కదలడం, అంటే ఫ్రేమ్ రేట్, గ్రాఫిక్స్ చిప్‌కు సంబంధించినది. డ్రైవ్ మార్చి దాన్ని పెంచాలనుకోవడం వృథా.

చోటు ఒక్కటే కావాలంటే పీఎస్4ను విప్పాల్సిన పని 2017 నుంచే లేదు. ఆ ఏడాది మార్చిలో వచ్చిన 4.50 సిస్టమ్ అప్‌డేట్‌తో 250 జీబీ నుంచి 8 టీబీ వరకూ ఉన్న యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్‌ను బయట తగిలించి నేరుగా అందులోంచే ఆటలు ఆడుకోవచ్చు. చోటు కోసం డబ్బు పెట్టేవాళ్లకు ఇదే అన్నిటికన్నా చవకైన మార్గం. మరి లోపలి డ్రైవ్ ఎందుకు మార్చడం? ఇవాళ దానికి బలమైన కారణం డిస్క్ ముసలిదైపోవడం. మొదటి విడతల్లో కొన్న పీఎస్4లకు పదేళ్లు దాటాయి. సీఈ-34335-8 అనే ఎర్రర్ తెర మీద కనిపిస్తే సిస్టమ్ స్టోరేజ్ దొరకడం లేదని అర్థం. మెనూ తెరుచుకోవడానికే సెకన్లు పట్టడం, ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగి మళ్లీ కదలడం దానికి ముందు వచ్చే సూచనలు. అలాంటప్పుడు ఎలాగూ మార్చాల్సిందే కనుక హార్డ్‌డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయడం అన్ని విధాలా మేలు. వేగం కొంత వస్తుంది, కరెంటు హఠాత్తుగా పోయినా, కన్సోల్ కదిలినా దెబ్బతినే తిరుగుడు భాగాలు ఉండవు.

హార్డ్‌డిస్కే కావాలనుకునేవాళ్లు కొనేముందు రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది మందం. పీఎస్4 అరలో 9.5 మిల్లీమీటర్లకు మించింది పట్టదు, సామర్థ్యం కనీసం 160 జీబీ ఉండాలి. 4 టీబీ, 5 టీబీ 2.5 అంగుళాల డిస్కులు 15 మిల్లీమీటర్ల మందం ఉంటాయి కాబట్టి లోపలికి ఎక్కవు. ఆచరణలో 2 టీబీయే హద్దు. రెండోది రాత పద్ధతి. ఇప్పటి పలుచని 2 టీబీ డిస్కుల్లో చాలావాటిలో డేటా గీతలు ఒకదాని అంచు మీద ఒకటి పడేలా రాస్తారు, దాన్ని ఎస్‌ఎంఆర్ అంటారు. చదవడం వరకూ ఇబ్బంది లేదు, ఒక గీత మార్చాలంటే మాత్రం పక్కవాటిని కూడా తిరగరాయాలి. పీఎస్4 ప్రతి ప్యాచ్‌కూ కొత్త కాపీ రాస్తుంది కనుక ఆ నెమ్మది అప్‌డేట్ల దగ్గర బాగా తెలుస్తుంది. వాడిన డిస్క్ తీసుకునేటప్పుడు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ బజారు సీటీసీలో అయినా మరెక్కడైనా, షాపులోనే కంప్యూటర్‌కు తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అది ఎన్ని గంటలు తిరిగిందో, చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు ఎన్నో చూపించమని అడగవచ్చు. ఆ రెండో అంకె సున్నా కాకపోతే వదిలేయడమే మంచిది.

మార్చే పని దగ్గరి నుంచి

మొదటి తరం పీఎస్4 పైభాగంలో సగం మెరిసేది, సగం మామూలు నలుపు. మెరిసే ముక్కను బయటి వైపుకు నెడితే జారి ఊడివస్తుంది. దాని కింద ఒక స్క్రూ మిగతావాటికన్నా పెద్దగా ఉంటుంది, తల మీద ప్లేస్టేషన్ గుర్తులైన త్రిభుజం, వృత్తం, ఇంటూ, చతురస్రం చెక్కి ఉంటాయి. అది ఒక్కటి విప్పితే డిస్క్ బిగించిన రేకు తొడుగు మొత్తం బయటికి వస్తుంది. తొడుగుకు ఉన్న నాలుగు స్క్రూలు తీసి కొత్త డ్రైవ్ పెట్టి బిగిస్తే చేతిపని అయిపోయినట్టే. స్లిమ్‌లోనూ ప్రోలోనూ ఆ అర వెనక వైపు చిన్న మూత కింద ఉంటుంది. కన్సోల్ అసలు పొట్ట విప్పే స్క్రూలు వేరు, వాటి మీద సీలు స్టిక్కర్లు ఉంటాయి. డ్రైవ్ మార్చేటప్పుడు వాటి జోలికి పోవాల్సిన అవసరమే రాదు. డ్రైవ్ ఎలా మార్చుకోవాలో సోనీయే చెబుతుంది కనుక వారంటీ గురించి భయం అక్కర్లేదు.

ఇబ్బంది పడేది ఎక్కువగా తర్వాతి మెట్టు దగ్గర. పీఎస్4 సిస్టమ్ సాఫ్ట్‌వేర్ హార్డ్‌డిస్క్ మీదే ఉంటుంది, కాబట్టి కొత్త డ్రైవ్‌తో కన్సోల్ ఖాళీగా లేస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోంచి మళ్లీ ఎక్కించాలి. సోనీ సైట్‌లో రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి మామూలు అప్‌డేట్ కోసం, రెండోది పూర్తిగా తిరిగి ఎక్కించడానికి. రెండింటి పేరూ ఒకటే. చాలామంది మొదటిది దించి, కన్సోల్ దాన్ని ఒప్పుకోవడం లేదని తల పట్టుకుంటారు. పూర్తి ఫైలు దాదాపు ఒక జీబీ ఉంటుంది, అప్‌డేట్ ఫైలు అందులో సగం. పరిమాణం చూస్తే ఏది ఏదో తెలిసిపోతుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. అందులో పీఎస్4 అనే ఫోల్డర్, దాని లోపల అప్‌డేట్ అనే ఫోల్డర్ పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉండాలి. ఫైలు పేరు మార్చకూడదు. రెండుసార్లు దించితే కంప్యూటర్ దాని పేరు చివర అంకె తగిలిస్తుంది, దాన్ని తీసేయాలి. తర్వాత పవర్ బటన్‌ను ఏడు సెకన్ల పాటు, రెండో బీప్ వినిపించేదాకా, నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ వస్తుంది. కంట్రోలర్‌ను వైరుతో తగిలించి ఏడో ఎంపిక తీసుకుంటే మిగతా పని కన్సోల్ చేసుకుంటుంది.

పాత డ్రైవ్ తీయడానికి ముందే చేయాల్సింది సేవ్ ఫైళ్లు దాచుకోవడం. ఆటలు మళ్లీ దించుకోవచ్చు. రెండేళ్ల పాటు ఆడిన ఆటలో చేరుకున్న చోటు మాత్రం సేవ్ ఫైలు పోతే తిరిగి రాదు. పీఎస్4లో వాటిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు, దానికి పీఎస్ ప్లస్ (సోనీ ఆన్‌లైన్ సేవ) చందా అవసరం లేదు. ట్రోఫీలు, అంటే ఆటలో సాధించిన వాటికి దక్కే గుర్తులు, బ్యాకప్‌లోకి రావు, వాటిని ముందుగా ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌తో సింక్ చేయాలి. తీసేసిన డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు వెతుక్కుందామనుకుంటే కుదరదు. డేటా అంతా ఆ ఒక్క కన్సోల్ తాళంతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. డిస్క్ బాగున్నదైతే ఫార్మాట్ చేసి యూఎస్‌బీ 3.0 కేసులో పెట్టి అదే పీఎస్4కు బయటి స్టోరేజ్‌గా వాడుకోవచ్చు.

తలుపు తెరిచినవాళ్లు, మూసినవాళ్లు

ఇంత వివరంగా చెప్పుకునే అవకాశం ఉన్నదే పీఎస్4లో వేసింది బజార్లో దొరికే మామూలు డిస్క్ కాబట్టి. అది అన్ని కన్సోళ్లకూ ఉన్న సౌకర్యం కాదు. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్‌ను హార్డ్‌డిస్క్ లోపలే అమర్చి అమ్మారు. 8 జీబీ లేదా 10 జీబీ ఐడీఈ డిస్క్ అది, కంప్యూటర్లలో వాడేదే. కానీ దానికి పాస్‌వర్డ్ తాళం వేసి, తాళంచెవిని మదర్‌బోర్డు మీద చిన్న చిప్‌లో దాచారు. ఆ తాళంచెవి చేతికి వస్తే తప్ప ఇంకో డిస్క్ పెట్టినా కన్సోల్ లేవదు. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో డిస్క్‌ను పక్కనుంచి ఊడదీసి తగిలించుకునేలా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టారు. వాడేవాళ్లకు అది చాలా సుళువు. డబ్బా లోపల ఉన్నది మామూలు 2.5 అంగుళాల సాటా డిస్కే, కాకపోతే మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన డేటా అందులో లేకపోతే కన్సోల్ గుర్తించదు. 2007లో 120 జీబీ డబ్బా ధర 180 డాలర్లు. అదే పరిమాణం ల్యాప్‌టాప్ డిస్క్ అప్పట్లో అంతకన్నా చాలా తక్కువకు దొరికేది. ఆ తేడా అంతా తాళానికి కట్టిన ధర.

2006లో వచ్చిన పీఎస్3తో సోనీ ఎదురుదారి పట్టింది. 20 జీబీ, 60 జీబీ డిస్కులతో అమ్మినా, ఏ 2.5 అంగుళాల సాటా డిస్క్ అయినా వేసుకోవచ్చు అంది, విప్పే పద్ధతి చెప్పింది. డేటాకు మాత్రం కన్సోల్ సొంత ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంది. దొంగ కాపీల భయం ఉన్న కంపెనీ కూడా డిస్క్‌ను తెరిచి ఉంచవచ్చని ఆ ఒక్క నిర్ణయంతో తేలింది. భద్రతను డేటాలో పెట్టుకుంటే డిస్క్‌కు తాళం వేయాల్సిన పని లేదు. ఇప్పటికీ పని చేస్తున్న పీఎస్3లు ఎన్నో ఇళ్లలో ఉండడానికి ఇదొక ముఖ్య కారణం. డిస్క్ పోతే ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరికే ఇంకోటి వేసుకోవచ్చు.

2020లో వచ్చిన ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లకు మైక్రోసాఫ్ట్ మళ్లీ సొంత ఆకారపు కార్డు ఎంచుకుంది. వెనక స్లాట్‌లో పెన్‌డ్రైవ్‌లా గుచ్చడమే. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, వేడి లెక్క అక్కర్లేదు, వేగం లోపలి డ్రైవ్‌తో సమానమని హామీ ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇది నిజంగా మంచి ఏర్పాటు. కానీ మొదట్లో సీగేట్ ఒక్కటే తయారుచేసింది, 1 టీబీ కార్డు ధర 220 డాలర్లు. వెస్ట్రన్ డిజిటల్ కార్డు 2023లో కానీ రాలేదు. లోపల వాడుకకు 364 జీబీయే ఉన్న సిరీస్ ఎస్ కొన్నవాళ్లకు ఆ ధర చాలా బరువు. చవక కన్సోల్ కొన్నవాళ్లకే అదనపు చోటు ఎక్కువ అవసరమవుతుంది, అది మాత్రం చవకగా దొరకలేదు. నింటెండో దారి సరళం. 32 జీబీ లోపలి మెమరీతో వచ్చిన స్విచ్‌కు ఫోన్లలో వాడే మైక్రోఎస్‌డీ కార్డు చాలు, 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కు మాత్రం కొత్త రకం మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి.

పీఎస్5: వేగమే పునాది

2021 ఫిబ్రవరి 2న 49,990 రూపాయల ధరతో మన దేశంలోకి వచ్చిన పీఎస్5లో హార్డ్‌డిస్క్ లేనే లేదు. 825 జీబీ ఫ్లాష్ మెమరీని బోర్డు మీదే అతికించారు. కుదింపు విప్పక ముందే సెకనుకు 5.5 జీబీ చదువుతుంది. కుదించిన డేటాను విప్పే పనిని ప్రాసెసర్‌కు వదలకుండా దానికోసమే ప్రత్యేకంగా సర్క్యూట్ పెట్టారు. రెండు జీబీలు 0.27 సెకనులో అందుతాయన్నది సెర్నీ చెప్పిన లెక్క. పీఎస్4లో ఎస్‌ఎస్‌డీ వల్ల పూర్తి ప్రయోజనం ఎందుకు రాలేదో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. డ్రైవ్ ఒక్కటే వేగంగా ఉంటే చాలదు, డేటా నడిచే దారంతా వేగంగా ఉండాలి, ఆట కూడా ఆ వేగం ఉందన్న నమ్మకంతో రాసి ఉండాలి. ఒకే వస్తువును 400 చోట్ల రాయాల్సిన అవసరం కూడా దీంతో పోయింది.

అయితే సిస్టమ్ భాగం పోగా ఆటలకు మిగిలింది 667 జీబీ. అదనంగా ఒక ఎం.2 స్లాట్ (సన్నని పట్టీ లాంటి ఎస్‌ఎస్‌డీని గుచ్చే చోటు) ఇచ్చారు కానీ అది 2021 సెప్టెంబరు 15న వచ్చిన అప్‌డేట్ దాకా పని చేయలేదు. అందులో వేయాల్సింది సాటా కన్నా చాలా వేగమైన దారి వాడే పీసీఐఈ జెన్4 ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ. ఎం.2 ఆకారంలోనే ఉండే సాటా రకం పని చేయదు. షాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి, డబ్బా మీద జాగ్రత్తగా చదువుకోవాలి. సామర్థ్యం మొదట 4 టీబీ వరకే, 2023 సెప్టెంబరు అప్‌డేట్ నుంచి 8 టీబీ వరకు. సెకనుకు 5,500 ఎంబీ చదివే వేగం ఉండాలని సోనీ సూచిస్తుంది. అంతకన్నా తక్కువ వేగం ఉన్న జెన్4 డ్రైవ్‌లతో పరీక్షించినవాళ్లకు ఆటల్లో పెద్ద తేడా కనిపించలేదు. అయినా ధరలో తేడా కొద్దిగానే ఉన్నప్పుడు సూచించిన వేగం ఉన్నదే తీసుకోవడం వివేకం. వేగం 7,000 ఎంబీ దాటిన డ్రైవ్‌కు అదనంగా పెట్టే డబ్బుకు మాత్రం పీఎస్5లో ప్రతిఫలం లేదు. దాని బదులు అదే డబ్బుతో 1 టీబీ నుంచి 2 టీబీకి వెళ్లడం మేలు.

వేడి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇంత వేగంగా పనిచేసే చిప్‌లు బాగా వేడెక్కుతాయి, ఒక హద్దు దాటితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అందుకే హీట్‌సింక్ (వేడిని లాగి గాలిలోకి వదిలే లోహపు పలక) తప్పనిసరి అని సోనీ చెబుతుంది. డ్రైవ్, హీట్‌సింక్ కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు, అందులో బోర్డు పైభాగాన 8 మిల్లీమీటర్లు, అడుగున 2.45 మిల్లీమీటర్లు హద్దు. కంప్యూటర్ల కోసం తయారుచేసిన ఎత్తైన హీట్‌సింక్ వేస్తే స్లాట్ మూత పడదు. విడిగా దొరికే సన్నని హీట్‌సింక్‌కు కొన్ని వందల రూపాయలు అవుతుంది. దాన్ని అమర్చేటప్పుడు మెత్తని థర్మల్ ప్యాడ్‌కు రెండు వైపులా ఉన్న పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒలిచేయడం మరవకూడదు. ఒక వైపుది తీసి రెండోది వదిలేసేవాళ్లున్నారు. ఆ పొర ఉంటే వేడి హీట్‌సింక్‌లోకి సరిగా చేరదు. పీఎస్5 పనిచేయాల్సిన గది ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీల మధ్య అని సోనీ పేర్కొంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది ఆ హద్దులో ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నాలు కన్సోల్‌ను టీవీ బల్ల అరలో ఇరికించకుండా నాలుగు వైపులా గాలి ఆడేలా పెట్టడం డ్రైవ్‌కు చేసే అసలు మేలు.

బిగించే పని పీఎస్4 కన్నా సుళువు. పక్క ప్యానెల్ తీసి, స్లాట్ మూత స్క్రూ విప్పి, లోపలి చిన్న స్పేసర్‌ను డ్రైవ్ పొడవుకు తగ్గ రంధ్రం దగ్గరికి మార్చాలి. మామూలుగా దొరికే 2280 అంటే 80 మిల్లీమీటర్ల పొడవు. డ్రైవ్‌ను కొంచెం ఏటవాలుగా స్లాట్‌లోకి నెట్టి, రెండో కొసను కిందికి వంచి స్క్రూ బిగిస్తే చాలు. సిస్టమ్ సాఫ్ట్‌వేర్ బోర్డు మీది మెమరీలో ఉంటుంది కనుక పెన్‌డ్రైవ్ తంతు లేదు. కన్సోల్ లేవగానే ఫార్మాట్ చేయమంటుంది, చేశాక వచ్చిన వేగం తెర మీద చూపిస్తుంది. సేవ్ ఫైళ్లు మాత్రం కొత్త డ్రైవ్‌లోకి పోవు, లోపలి మెమరీలోనే ఉంటాయి. పీఎస్5 ఆటల సేవ్‌లను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసే సౌకర్యాన్ని కూడా సోనీ తీసేసింది. పీఎస్ ప్లస్ చందాతో క్లౌడ్‌లో పెట్టాలి, లేదా మొత్తం కన్సోల్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోవాలి. పీఎస్4లో ఉచితంగా ఉన్న చిన్న సౌకర్యాన్ని ఇలా తీసేయడం వాడేవాళ్లకు చేసిన అన్యాయమే.

పీఎస్4 నాటి పాత యూఎస్‌బీ హార్డ్‌డిస్క్ ఉన్నవాళ్లు దాన్ని పారేయనక్కర్లేదు. పీఎస్4 ఆటలు పీఎస్5లో దాని మీదనుంచే నడుస్తాయి. పీఎస్5 ఆటలను అందులో దాచుకోవచ్చు, ఆడాలంటే మాత్రం లోపలికి తెచ్చుకోవాలి. వంద జీబీ మళ్లీ ఇంటర్నెట్‌లో దించుకోవడం కన్నా డిస్క్‌లోంచి తెచ్చుకోవడమే చాలా ఇళ్లలో త్వరగా అవుతుంది. పీఎస్4 ఆటలన్నీ బయటికి పంపేసి 667 జీబీని పీఎస్5 ఆటలకే వదిలితే, ఎం.2 డ్రైవ్ కొనాల్సిన అవసరమే కొందరికి రాదు.

ఒక లోటు మాత్రం ఎం.2 స్లాట్ తీర్చదు. అది అదనపు చోటు ఇస్తుందే తప్ప లోపలి మెమరీ స్థానంలో పనిచేయదు. బోర్డు మీద అతికించిన ఫ్లాష్ చిప్‌లు చెడితే, స్లాట్‌లో 8 టీబీ ఉన్నా పీఎస్5 లేవదు. ఫ్లాష్ మెమరీలో డేటా ఎన్నిసార్లు రాయవచ్చన్న దానికి హద్దు ఉంటుంది. ఆటలు రాసేదానికన్నా చదివేదే ఎక్కువ కనుక ఆ హద్దు మామూలు వాడకంలో త్వరగా రాదు. వచ్చిననాడు మాత్రం అది ఇంట్లో చేసుకునే రిపేరు కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018 ఏప్రిల్‌లో ఆరు కంపెనీలకు లేఖలు రాసి, సీలు తీస్తే వారంటీ పోతుందనడం చట్టం ఒప్పుకోదని హెచ్చరించింది, వాటిలో సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో మూడూ ఉన్నాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కుపై కమిటీ వేసి, డిసెంబరు 24న పోర్టల్ మొదలుపెట్టింది. వ్యవసాయ పనిముట్లు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అందులో ముందు వరుసలో ఉన్నాయి. కన్సోల్ బోర్డు మీది చిప్‌ల గురించి అడిగే రోజు కూడా రావాలి.

తెరిచి ఉన్న పీఎస్4లో కూడా ఒక చిక్కు మిగిలే ఉంది. డిస్క్ ఎక్కడైనా దొరుకుతుంది, సిస్టమ్ ఫైలు మాత్రం సోనీ సైట్‌లోనే దొరుకుతుంది. కన్సోల్‌లో అంతకు ముందు ఉన్న వెర్షన్ కన్నా పాత ఫైలు ఇస్తే అది తీసుకోదు. కాబట్టి పీఎస్4 ఇంకా వాడుతున్నవాళ్లు ప్రతి సిస్టమ్ అప్‌డేట్ తర్వాత పూర్తి ఫైలును కూడా దించి, ఆ ఒక జీబీని ఒక పెన్‌డ్రైవ్‌లోనో కంప్యూటర్‌లోనో దాచి పెట్టుకోవాలి.